ఫారంలో వాటానికి గడి లేదు

సాయంత్రమైతే నేను మా వీధి చివర టైల్స్ అంగడి ముందర కూచుంటానని అందరికీ తెలుసు. పని మానేసి శానా ఏండ్లయినా ఆ సిమెంటు వాసన లేకుంటే నాకు పొద్దు పోదు. అంగడికొచ్చే పిల్లోళ్ళలో ఎవుడో ఒకడు నా పక్కన కూలబడి అడగతానే ఉంటాడు. "పెద్దాయనా, టైల్స్ పనికి కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకునేది మేలా, నేరుగా మేస్త్రీ కింద చేరిపొయ్యేది మేలా?" అని. వాడు పాపం మంచిగానే అడగతాడు. నాకే ఒళ్ళు మండిపోతాది. ఆ ప్రశ్న వింటానే తిరుపతిలో ఒక సత్రం వెనక వరసలో పక్కపక్కనే ఉండే రెండు బాత్రూములు నా కండ్ల ముందరికొస్తాయి.

"ఒక్క ముక్కలో చెప్పమంటే నా వల్ల కాదప్పా. కూసో. జరిగింది చెప్తా, ఆనక నువ్వే తేల్చుకో" అంటాను. సగం మంది సెల్‌ఫోన్ చూసుకుని లేచిపోతారు. కూచున్నోళ్ళకు చెప్పేదే ఈడ రాస్తా ఉండా. పేర్లు రాయను. కొందరు పోయినారు, కొందరి పిల్లలు ఈ ఊర్లోనే ఉండారు. నా పేరు కూడా రాసుకోను. నేను చేసిన పని అట్లాంటిది.

మాది పూతలపట్టు పక్కన పల్లె. నాయన రోడ్డు కూడలిలో బస్సుల నెత్తిన మూటలెక్కించే పని చేసేవాడు. చిత్తూరు బస్సొస్తే ఎక్కేది, తిరుపతి బస్సొస్తే ఎక్కేది. ఆ నిచ్చెనలెక్కీ దిగీ ఆయన మోకాళ్ళు అరిగిపోయినాయి. లోకంలో ఆయన కంటికి గొప్పోడంటే కండక్టరే. కండక్టరు చేతిలో కాయితముండాది, నీడలో కూచుంటాడు. "నీ చేతిలో కూడా ఒక కాయితం పడల్ల నాయనా. ఏ కాయితమైనా సరే" అని పదోక్లాసు పాసైన దినం నుంచి నా వెంట పడినాడు. అట్ల నన్ను చిత్తూరులో ఒక శిక్షణా కేంద్రంలో చేర్చినాడు. నేలలకు టైల్స్ పరిచే పని, ఒక ఏడాది కోర్సు.

ఆ కోర్సు సంగతి చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి. పన్నెండు మంది పిల్లోళ్ళం, నలభై టైల్స్. ఏడాది పొడుగునా ఆ నలభైనే పరిచినాం. మాకిచ్చిన సిమెంటు మొదటి నెలలోనే అయిపోయింది. మిగతా పదకొండు నెలలు ఇసక మీద పరిచేది, సారొచ్చి చూసేది, పీకేది, కడిగేది, మళ్ళీ దొంతి పెట్టేది. మా సారు మంచోడే. తెల్ల ప్యాంటు వేసుకోని, దానికి ఇసక రేణువు అంటకుండా పాఠం చెప్పడంలో ఆయనకు ఆయనే సాటి. చేతిలో ఎప్పుడూ రసమట్టం ఉండేది. మూరెడు కట్టె, దాని మధ్యలో చిన్న గాజు గొట్టం, గొట్టంలో రంగునీళ్ళు, ఆ నీళ్ళలో ఒక గాలి బుడగ. కట్టెను నేల మీద పెడితే బుడగ సరిగ్గా నడుమ నిలబడల్ల. నిలబడితే నేల మట్టంగా ఉన్నట్టు. "బుడగ నడుమ ఉంటే పాసు, పక్కకు పోతే ఫెయిలు" అనేవాడు. ఏడాదికి ఆయన మాకు నేర్పించింది ఆ ఒక్క మాటే. నేను పాసైనాను. నాయన నా సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి, దేవుని పటాల పక్కన తగిలించి, దానికి కూడా కుంకుమ బొట్టు పెట్టినాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు తిరుపతికి పని వెతుక్కుంటా వచ్చినాను. అప్పుడు ఆ ఊర్లో ఏ వీధిలో చూసినా లాడ్జీ లేస్తా ఉండింది. పనికేం కొదవ లేదు. సర్టిఫికెట్‌ను చూసేవాడే లేడు. ఒక కంట్రాక్టరు నేను తెచ్చుకున్న దాని నకలు కాయితాన్ని చేతికి తీసుకోని, మొగానికి రెండుసార్లు ఇసురుకోని, "ఎండ బలేగుండాది కదప్పా ఈ ఏడు" అని మళ్ళీ నా చేతికే ఇచ్చినాడు.

ఆఖరికి నన్ను చేర్చుకునింది ఒక ముసలి మేస్త్రీ. ఆయనకు చూపు లేదు. వయసులో ఉన్నప్పుడు గుంటలో ఉడికే సున్నం మొగాన చిమ్మి ఒక కన్ను అప్పుడే పోయింది, రెండోది మెల్లమెల్లగా పోయింది. నేను చేరేటప్పటికి ఆయనకు ఎండా నీడా మాత్రం తెలిసేది. కండ్లు లేనోడు టైల్స్ ఎట్ల పరుస్తాడని అడగతారు మీరు. పరిచేది ఆయన కాదు, ఆయన భార్య.

ఆమెను నేను అక్కా అనేవాడిని. నలభై ఏండ్లుంటాయి. లెక్కకు ఆమె సిత్తాళు. అంటే సిమెంటు మాలు కలిపి, గమేళాలో మోసుకొచ్చి మేస్త్రీకి అందించే ఆడమనిషి. ఇల్లు కట్టించుకునేవాళ్ళు వచ్చినప్పుడు మేస్త్రీ బోర్లించిన గమేళా మీద దర్జాగా కూచోని, "ఈ మూల నుంచి మొదులు పెడతామయ్యా, నడుమ పువ్వు డిజైను వస్తాది" అని మాట్లాడేవాడు. వాళ్ళు ఆయనకే చెప్పేది, ఆయన్నే అడిగేది. వాళ్ళు అట్ల గుమ్మం దాటతానే ఆమె కొంగు బిగించి తాపీ పట్టుకోని కూచునేది. అందరికీ తెలుసు. ఎవురూ అనరు. ఆడమనిషి పరిచిన నేల అంటే ఎవురొప్పుకుంటారు ఆ దినాల్లో?

ఆమె పని మొదులుపెట్టే తీరు ఇంకెవురి దగ్గరా నేను చూడలేదు. బాత్రూము చెయ్యల్లంటే, మాలు కలపకముందే ఒక చెంబుడు నీళ్ళు ఉత్త నేల మీద పోసేది. పోసి గమ్మున కూచునేది. నీళ్ళు యాడికి పారతాయో, యాడ ఆగతాయో, ఏ మూలలో చేరతాయో చూసేది. "ముందర వీటి తిక్కేందో తెలుసుకోవల్లప్పా. అప్పుడు కదా మనం చెప్పిన దారిన పోతాయి" అనేది. బాత్రూము నేల గోడల దిక్కు రోంత ఎత్తుండల్ల, తూము దిక్కు రోంత పల్లముండల్ల. ఆ వాలును మేము వాటం అంటాం. వాటం ఎక్కువైతే మనిషి జారతాడు, తక్కువైతే నీళ్ళు నిలబడతాయి. ఎంతుండల్లో ఆమె చేతికి తెలుసు. మా ట్రైనింగులో ఆ మాట ఒక్కసారైనా వినలేదు నేను. ఇసక మీద పరిచే పిల్లోళ్ళకు నీళ్ళతో పనేముండాది?

నేను చేరిన మొదటి వారం ఒక ఇంట్లో అంట్లు తోముకునే గది నాకప్పజెప్పింది. రసమట్టం పెట్టి పెట్టి, బుడగను నడుమ నిలబెట్టి, అద్దం మాదిరి పరిచి ఆమెను పిలిచినాను. ఆమె చెంబు తెచ్చి పోసింది. నీళ్ళు యాడికీ పోలేదు. ఉన్నచోటనే ఉండి, మెల్లగా నా కాళ్ళ దగ్గరికొచ్చినాయి.

"బలే పరిచినావప్పా. ఇంగ దీంట్లో నాలుగు చేపపిల్లల్ని వదిలితే సరిపోతాది."

మేస్త్రీ గమేళా మీద కూచోని పడీపడీ నవ్వినాడు. "తిట్టొద్దే, సర్టిఫికెట్ ఉండేవాడు. కేసేస్తాడు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది కానీ, ఆ దినం నుంచే నేను పని నేర్చుకోవడం మొదులుపెట్టినాను. టైల్‌ను నీళ్ళ తొట్లో వేస్తే బుడగలు రావడం ఆగిపొయ్యేదాకా తియ్యకూడదని, పరిచినాక తాపీ పిడితో తట్టితే డొల్ల యాడుందో శబ్దంలో తెలుస్తాదని, మాలు ఎండేటప్పుడు దాన్ని ఒంటరిగా వదిలిపెట్టకూడదని, అన్నీ ఆమె చెప్పిందే. రెండేండ్లు ఆ మొగుడూ పెండ్లాల వెంట తిరిగినాను. వాళ్ళ కూట్లోనే నాకింత పెట్టేవాళ్ళు.

అట్లా ఉండగా ఒక వర్తక సంఘం వాళ్ళ సత్రంలో మేస్త్రీ ఉద్యోగం పడింది. పెద్ద సత్రం, ఎప్పుడూ కొండకొచ్చే జనమే, కాబట్టి నేలలకు, బాత్రూములకు రిపేర్లు ఆగేదే లేదు. నెల జీతం, పైగా సత్రం వెనక పెరట్లో ఉండేదానికి ఒక గది. ఆ గది మీద అక్క ప్రాణం పెట్టుకునింది. ఎందుకో నాకు తెలుసు. ప్రతి కొత్త పనికాడా ఆయన్ను చెయ్యి పట్టుకోని తీసకపోవల్ల. యాడ గుంతలుండాయో, యాడ కమ్మీలు పొడుచుకోనుండాయో, యాడ మెట్లకు గోడ లేదో ఆమె చెప్పల్ల. తాపీ పట్టుకోని కూచున్నా ఆమె చూపు సగం వెనకనే ఉండేది.

"ఒక్క చోటనే ఉంటే ఆయన అడుగులు లెక్క పెట్టుకుంటాడప్పా. కొళాయికి పది, గుమ్మానికి ఆరు. నాలుగు దినాల్లో వచ్చేస్తాది ఆయనకు. నేను వెనక్కి తిరిగి చూడకుండా ఒక్క నేలన్నా పరచల్లని ఉండాది" అనింది.

కానీ నోటీసులో టైల్స్ పనిలో శిక్షణ సర్టిఫికెట్ ఉండల్లని రాసినారు. అక్క ఊరుకోలేదు. నేరుగా సత్రం సెక్రటరీ దగ్గరికి పోయింది. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు, మాటకు నిలబడే మనిషి. నేను కూడా ఆమె వెంట ఉన్నాను.

"అమ్మా, రూలు కమిటీ పెట్టింది. సర్టిఫికెట్ లేకుండా ఎట్ల?" అన్నాడాయన.

"సార్, మీరీ పొద్దు మేడ మీద నుంచి దిగొచ్చినారు కదా. ఆ మేడ మీద నేలంతా నేను పరిచిందే. ఆరేండ్లయింది. యాడన్నా ఒక టైల్ లేచిందేమో చూపించండి."

ఆయన తలెత్తి మేడ దిక్కు చూసినాడు. "సరేమ్మా. పరీక్ష పెడతా. అప్లికేషన్ పెట్టినోళ్ళు తలా ఒక బాత్రూము పరచండి. బయటి మనిషితో మార్కులేయిస్తా. ఎవురు పాసైతే వాళ్ళకే ఉద్యోగం, కమిటీని నేనొప్పిస్తా" అన్నాడు. ఇప్పటికీ ఆ మాటకు ఆయన్ను నేను తప్పు పట్టను.

అప్లికేషన్ పెట్టింది ఇద్దరే. అక్క ఒకటి. రెండోది ఎవురో మీకు అర్థమయ్యే ఉంటాది. నోటీసు సంగతి నాయనకు యాడ తెలిసిందో ఏమో, పటం కట్టిన సర్టిఫికెట్‌ను అద్దంతో సహా చంకలో పెట్టుకోని పూతలపట్టులో బస్సెక్కి వచ్చేసినాడు. దాని మీద కుంకుమ బొట్టు కూడా అట్లే ఉండింది. ఆయనకు కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. నిజం చెప్పల్లంటే కాదనాలని నాకూ లేదు. అక్కకు చెప్పినాను. ఆమె మాలు కలపతా ఉన్నింది. చెయ్యి ఆపకుండానే, "వెయ్యప్పా. నీకూ కడుపుండాది కదా. ఎవురు బాగా పరిస్తే వాళ్ళదే" అనింది.

వెనక వరసలో పక్కపక్కన రెండు పాత బాత్రూములు పగలగొట్టి మాకిచ్చినారు. మూడు దినాలు గడువు. నాలుగో దినం పరీక్ష. మొదటి దినం మధ్యాన్నం సత్రం గుమాస్తా నాతో, "నీ పంట పండిందప్పా. పరీక్ష చేసేదానికి చిత్తూరు నుంచి మీ సారే వస్తా ఉండాడు" అన్నాడు.

ఈడే చెప్పల్ల నేను. ఇది చెప్పకుంటే ఇంతసేపు చెప్పిందంతా దండగ.

అప్పటికి నాకు వాటం తెలుసు. రెండేండ్లు ఆమె పక్కన కూచోని నేర్చుకున్నాను. బాత్రూమును మట్టంగా పరచకూడదని నాకు బాగా తెలుసు. అయినా మా సారొస్తాడని తెలిసిన మరునిమిషం ఆయన చేతిలో రసమట్టం నా కండ్లకు కనిపించింది. బుడగ నడుమ ఉంటే పాసు. అంతే. నేను పెట్టె తెరిచి నా రసమట్టం బయటికి తీసినాను. మూడు దినాలు కూచోని, గోడ నుంచి తూము దాకా గోరంత వాలు లేకుండా, తెలిసి తెలిసి మట్టంగా పరిచినాను. నడిమి గోడకు ఆ పక్క ఆమె చెంబుతో నీళ్ళు పోసి చూస్తా ఉండే శబ్దం వినపడతానే ఉన్నింది. "అక్కా, వచ్చేది మా సారు, ఆయన చూసేది మట్టమే" అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. గోడ ఎత్తు కూడా ఎక్కువ లేదు. తల ఎత్తి చెప్పుండొచ్చు. చెప్పలేదు.

నాలుగో దినం పొద్దున తొమ్మిది గంటలకు సారొచ్చినాడు. అదే తెల్ల ప్యాంటు. చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు పెట్టిన ఫారం. సెక్రటరీ, కమిటీ వాళ్ళు ఇద్దరు, గుమాస్తా వెనకనే వచ్చినారు. మేస్త్రీ వరండాలో గోడకానుకోని కూచోనున్నాడు. ముందర నా బాత్రూములోకి పోయినారు. సారు రసమట్టాన్ని నాలుగు దిక్కులా పెట్టి చూసినాడు. బుడగ కదిలితే ఒట్టు. ఫారంలో ఏదో రాసుకున్నాడు. నాయన వాకిలి కాడ నిలబడి దండం పెట్టుకుంటా ఉన్నాడు.

ఆనక అక్క బాత్రూము. సారు రసమట్టం పెట్టినాడు. బుడగ ఒక పక్కకు జారిపోయింది. ఇంకో చోట పెట్టినాడు. మళ్ళీ జారింది.

"మట్టం లేదే" అన్నాడు సెక్రటరీతో.

"మట్టం యాడుంటాది సార్, బాత్రూము కదా అది. వాటమిచ్చినాను" అనింది అక్క.

"ఫారంలో మట్టం ఉందా లేదా అని ఉండాదమ్మా. ఉంటే ఉందని రాస్తా, లేకుంటే లేదని రాస్తా."

"నీళ్ళు పోసి చూడండి సార్."

"నీళ్ళ సంగతి ఫారంలో లేదు."

ఆమె ఇంకెవుర్నీ అడగలేదు. మూలలో ఉండే బకెట్ తీసుకోని కొళాయి కింద నింపింది. వాళ్ళు వద్దనేలోపలే తన బాత్రూములో కుమ్మరించింది. బకెట్ కింద పెట్టేలోపల నీళ్ళు గుడగుడమని తూములోకి పోయినాయి. నేల తడి మాత్రం మిగిలింది. మళ్ళీ నింపుకొచ్చి నా బాత్రూములో పోసింది. ఏ శబ్దమూ లేదు. వరండాలో కూచున్న మేస్త్రీ తలెత్తి, "రెండోదాంట్లో నీళ్ళు నిలబడినాయి" అన్నాడు. కండ్లు లేనోడికి తెలిసింది. కండ్లుండే ఆరు మంది ఆ నీళ్ళను చూసి కూడా చూడనట్టు నిలబడినారు.

కమిటీ మనిషి ఒకడు తన పంచె అంచు తడవకుండా పైకెత్తుకోని, "ఆడోళ్ళకెందుకమ్మా ఈ మేస్త్రీ పనులు" అన్నాడు.

అక్క వాణ్ణి పట్టించుకోలేదు. నా దిక్కు తిరిగింది. కోపం లేదు ఆమె మొగంలో. నేను చెప్తానని నమ్మకంగా అడిగింది. అదే నన్ను ఇంకా కాలుస్తా ఉండాది.

"నువ్వు చెప్పప్పా. నువ్వు చదువుకున్నోడివి, నీ మాటింటారు. బాత్రూములో నీళ్ళు యాడికి పోవల్ల?"

అందరూ నా దిక్కు చూసినారు. సెక్రటరీ కూడా చూసినాడు. ఆయన నిజంగానే జవాబు కోసం చూసినాడని ఆనక నాకు తెలిసింది. నాకేమో వాకిలి కాడ దండం పెట్టుకోనుండే నాయన కనిపిస్తా ఉండాడు. నేను తల దించుకున్నాను. నా కాళ్ళ చుట్టూ నేను పరిచిన నేల మీద నిలబడిన నీళ్ళు ఉన్నాయి. గమ్మునుండిపోయినాను.

అక్క ఇంకోసారి అడగలేదు. తాపీ కడుక్కునింది. మేస్త్రీ చెయ్యి పట్టుకోని లేపింది. "ఈడ రెండు మెట్లుండాయి, చూసి దిగు" అని ఆయనకు చెప్పుకుంటా పోయింది.

సారును బస్టాండు దాకా సాగనంపను నేనే పోయినాను. బస్సు కోసం నిలబడినప్పుడు ఆయనే అన్నాడు. "ఆ మనిషి పని మంచిదేరా. నాకు తెలీదనుకున్నావా? ఆ ఫారం హాళ్ళకు, వరండాలకు అచ్చేసింది. దాంట్లో వాటానికి గడి లేదు. లేని గడిలో నేనేం రాసేది?" నాకు ఆ దినం ఆయన మీద కోపం రాలేదు. నేను ఉద్యోగం వచ్చిన సంతోషంలో ఉంటి. ఇప్పుడు తలుచుకుంటే పండ్లు నూరుకుంటాను. అందరికీ తెలుసు! పరీక్ష చేసినోడికి తెలుసు, పరీక్ష రాసినోడికి తెలుసు. తెలీనిది ఆ కాయితానికి మాత్రమే. గెలిచింది కాయితమే.

గది నాకొచ్చింది. కొళాయికి పది అడుగులు, గుమ్మానికి ఆరు. నేను లెక్కపెట్టినాను. ఆమె చూడకుండానే సరిగ్గా చెప్పింది.

నా బాత్రూము మాత్రం నన్ను వదల్లేదు. యాత్రికులు పొద్దున పోసుకున్న నీళ్ళు మాపిటేలకు కూడా అట్లే ఉండేవి. గుండు కొట్టించుకోనొచ్చినోళ్ళ తల గంధం, సబ్బు నురగ, వెంట్రుకలు అన్నీ ఆ నీళ్ళలో తేలతా ఉండేవి. దినమూ పొద్దున్నే నేను గోనెసంచి పెట్టి నీళ్ళను తూములోకి తోసేవాడిని. శిక్షణ పొందిన మేస్త్రీని కదా నేను! పక్క బాత్రూముకు ఒక్క దినం కూడా నేను పోవలసిన పని పడలేదు.

పదకొండు నెలలైనాక ఆ నీళ్ళలో సెక్రటరీయే కాలు జారి పడినాడు. ముంజెయ్యి బెణికింది. కట్టు కట్టించుకోనొచ్చి నన్ను పిలిచినాడు.

"ఏం నేలప్పా నువ్వు పరిచింది?"

నాకేమైందో ఏమో, అన్ని నెలలు కడుపులో దాచుకునింది బయటికొచ్చేసింది. "మట్టంగా పరిచింది సార్. మీ ఫారం ప్రకారం పరిచింది. రసమట్టం పెట్టి చూసుకోండి, బుడగ ఇప్పటికీ నడుమనే నిలబడతాది. ఆ పొద్దు పాసవ్వల్సింది ఆ అక్క. నేను తెలిసి తప్పు పరిచినాను, తెలిసి గమ్మునుండినాను."

ఆయన కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకోని నన్ను చూసినాడు. "మరి ఆ పొద్దు నేను నీ మొగం చూసినాను కదయ్యా. నువ్వు ఒక్క మాట అనుంటే చాలు, నేను ఆ ఫారం చించేసేవాణ్ణి" అన్నాడు. ఆయన తిట్టుంటే బాగుండేదనిపించింది నాకు.

అక్కను పిలిపించమన్నాడు. రెండు దినాలు వెతికినాను. రేణిగుంట దారిలో ఒక రేకుల ఇంట్లో ఉన్నారు. మేస్త్రీ మంచం మీద ఉన్నాడు. కొత్త లాడ్జీ కట్టేచోట గోడ లేని మెట్ల మీద నుంచి పడి తుంటి విరిగింది. అక్క ఆ గంటలో వెనక్కి తిరిగి చూడలేదంట. ఇంకో మనిషి తప్పు పరిచిన మూలను సరిచేస్తా ఉన్నిందంట. ఆయనే చెప్పినాడు, నవ్వుకుంటానే. "సర్టిఫికెట్ వచ్చిందే, కూచోమని చెప్పు" అన్నాడు నా గొంతు గుర్తు పట్టి.

నేను కూచోలేదు. నిలబడే మొత్తం చెప్పినాను. సారొస్తాడని ముందే తెలుసునని, అందుకే మట్టంగా పరిచినానని, ఆమెకు చెప్పకుండా దాచినానని. అక్క బియ్యం ఏరతా వినింది.

"నువ్వు చెప్పినా నేను మట్టంగా పరిచేదాన్ని కాదప్పా. తెలిసి తెలిసి చెడగొట్టేదానికి నా చెయ్యి ఒప్పదు" అనింది. ఏరిన బియ్యం పక్కకు జరిపి, "కానీ నువ్వు చెప్పుండల్ల" అనింది.

మరుసటి దినం సత్రానికొచ్చింది. నా బాత్రూము పగలగొట్టింది నేనే. ఆమె గుమ్మంలో పీట వేసుకోని కూచోని, తాపీ ముట్టలేదు. "నువ్వే పరుచు, నేను చూస్తా" అనింది. చెంబుడు నీళ్ళు నాతోనే పోయించింది. పొద్దుగూకేలోపల పరిచేసినాను. మాలు ఆరినాక నీళ్ళు పోస్తే గుడగుడమని పోయినాయి. సెక్రటరీ వచ్చి చూసి, ఆమెకు ఉద్యోగమియ్యమని కమిటీలో పెడతానన్నాడు. పెట్టినాడు కూడా. కమిటీ సర్టిఫికెట్ యాడుండాదని అడిగింది. ఆ మాటకు నాకు సిగ్గు కాదు, మంట పుట్టింది. ఒకే వరసలో రెండు నేలలు వాళ్ళ కాళ్ళ కిందనే ఉండాయి, వాళ్ళకు కాయితం కావల్సొచ్చింది!

ఇంక నాకు తోచింది ఒక్కటే. మళ్ళీ రేణిగుంట దారిన పోయి, "అక్కా, గదికి మీరిద్దరూ వచ్చేయండి. నేను ఊర్లో యాడో ఒక చోట ఉంటా. సెక్రటరీ చూడనట్టుంటానన్నాడు. మేస్త్రీ అడుగులు లెక్క పెట్టుకుంటాడు" అన్నాను.

ఆమె మంచం దిక్కు చూసింది. ఇంక ఆయన లేచి నడిచేది లేదని నాకప్పుడు తట్టింది. లెక్క పెట్టుకునే అడుగులు యాడుండాయి?

"నీ గది నాకొద్దప్పా. నా గది నేను అడిగినాను, అప్పుడు ఇచ్చింటే బాగుండేది. ఇంగ పో, పనికి పొద్దవతాది" అనింది.

ఆనక నేను ముప్పై ఏండ్లు ఈ పని చేసినాను. సర్టిఫికెట్ ఉండబట్టి చివరిలో నన్నే పిల్లోళ్ళ పరీక్షలకు పిలిచేవాళ్ళు. పోయిన ప్రతి చోటా మొదట ఒక బకెట్ తెమ్మనేవాడిని. బకెట్ సారని నవ్వుకునేవాళ్ళు నా వెనక. నవ్వుకోనీ. చేతికిచ్చే ఫారం మాత్రం అదే. రంగు మారింది, సైజు మారింది, వాటానికి గడి మాత్రం రాలేదు. నేనే కింద ఖాళీలో పెన్నుతో ఒక గీత గీసి, వాటం అని రాసి, దానికెదురుగా మార్కులేసేవాడిని. ఫారం చెడగొట్టినావని నాకు రెండుసార్లు మెమో ఇచ్చినారు. ఇస్తే ఇయ్యనీ.

అంగడి ముందర కూచోని అడిగే పిల్లోళ్ళకు నేను చెప్పేది ఇంతే. పొయ్యి కోర్సు చెయ్యండప్పా, కాయితం తెచ్చుకోండి. అది లేకుంటే మిమ్మల్ని లోపలికి రానియ్యరు. దాంతో పాటు చేతికి తెలిసిన మనిషి పక్కన కూచోని పని నేర్చుకోండి. అది లేకుంటే నీళ్ళు మీ కాళ్ళ దగ్గరికే వస్తాయి. రెండూ సంపాదించినాక, మీకు నేర్పించిన మనిషి నలుగురి ముందర మీ దిక్కు తిరిగి, నీళ్ళు యాడికి పోవల్ల అని అడిగితే మాత్రం తల దించుకోవద్దు. తూము దిక్కు వేలు చూపించి, "అదో, ఆడికి" అనండి. ఆ ఒక్క మాట ఆ పొద్దు నా నోట రాలేదు.